తిరుపతి ట్యాక్సీ అన్నలకు బహిరంగ లేఖ: చంద్రగిరి కోటని అద్దంలోంచి చూపించింది చాలు

రైల్వే స్టేషన్ బయట, బస్టాండ్ బయట, అలిపిరి కాడ బండ్లు పెట్టుకోని ఉండే అన్నలకు, తమ్ముళ్లకు, లాడ్జి కౌంటర్లలో కూర్చోని లోకల్ ట్రిప్పులు మాట్లాడే పిల్లోళ్లకు నమస్కారం.

నేనూ మీలో ఒకన్నే. ఇరవై రెండేళ్ల నుంచి స్టీరింగ్ పట్టుకోని ఉండా. మొదట సుమో, తర్వాత ఓనర్ దగ్గర ఇండికా, ఇప్పుడు లోన్‌లో తీసుకున్న ఎర్టిగా. ఊరు చంద్రగిరి పక్కనే. పేరు రాయడంల్యా, ఎందుకంటే పేరు రాస్తే మీరు లేఖ చదవడం మానేసి వీడెవడ్రా మనకి చెప్పేదానికి అని నన్ను ఆడుకుంటారు, మీ సంగతి నాకు తెలుసు కదా, నేనైనా అదే చేసుంటా.

మనం చేసే పని ఏందో చెప్తా, తప్పయితే కొట్టండి. పార్టీ ఎక్కుతుంది. కాణిపాకం, శ్రీకాళహస్తి, తిరుచానూరు, కపిలతీర్థం, శ్రీనివాస మంగాపురం, ఇంకా టైమ్ ఉంటే అప్పలాయగుంట. కాణిపాకం పోతా చంద్రగిరి దాటేటప్పుడు వెనక సీట్లో ఎవరో ఒకరు "డ్రైవర్, ఆ కొండ మీద గోడలేంది?" అంటారు. మనం తల కూడా తిప్పకుండా "అదా సార్, చంద్రగిరి కోట సార్, పాతది, ఏం లేదు సార్ ఆడ, పడిపోయిన గోడలు" అంటాం. అంతే. పార్టీ ఫోన్ బయటికి తీసి అద్దంలోంచి ఒక ఫోటో కొడుతుంది, అందులో సగం మన వైపర్ పడుతుంది, బండి ఎనభైలో ముందుకి పోతుంది. ఈ డైలాగ్ ఇరవై ఏళ్లు నేను చెప్పినా. ఎన్ని వేల మందికి చెప్పినానో లెక్క లేదు. మా ఊరి కోట గురించి మా ఊరి వాన్నే అట్లా చెప్పినా.

పోయిన డిసెంబర్‌లో నాకు బుద్ధి వచ్చింది, అదీ పదేళ్ల పిల్లోడి వల్ల.

ఒక ఫ్యామిలీ. నెల్లూరు వాళ్లే, ఇంగ్లండ్‌లో మాంచెస్టర్‌లో ఉంటారంట, కొండకి దర్శనానికి వచ్చినారు. భార్యాభర్త, పిల్లోడు, ఒక పెద్దామె. పిల్లోడికి తెలుగు వస్తాది కానీ ఒక రకంగా వస్తాది, నన్ను అంకుల్ అంటాడు, మళ్లీ "నువ్వు రా" అంటాడు, వాళ్లమ్మ తిడతా ఉంటాది. మంగాపురం దర్శనం అయినాక కాణిపాకం దారి పట్టినాం, చంద్రగిరి వచ్చేసరికి వాడు అద్దానికి మొహం ఆనించి అరిచినాడు చూడండి, నేను ఏదో కుక్క అడ్డమొచ్చిందేమో అని బ్రేక్ కొట్టినా. "క్యాజిల్! నాన్నా క్యాజిల్!" అంటా ఉండాడు. నేను నా పాత డైలాగ్ మొదలుపెట్టినా, ఏం లేదు బాబూ పడిపోయిన గోడలు అని. వాడు నా వైపు చూసి "పడిపోతేనే కదా అంకుల్ క్యాజిల్" అన్నాడు.

వాళ్ల నాయన నవ్వి చెప్పినాడు, వీడికి ఇదే పిచ్చి సార్, ఆడ శనివారం వస్తే ఏదో ఒక కోటకి తీసుకుపోవాల, ఇప్పటికి ఎన్ని చూసినామో, వేల్స్‌లో కాన్వీ అని ఒక కోట ఉంది, దానికే నాలుగుసార్లు పోయినాం అన్నాడు. ఇక బండి తిప్పక తప్పలా. మనసులో అనుకున్నా, అరగంటలో చూసేసి వచ్చేస్తారులే, వెయిటింగ్ వేసుకోవచ్చు అని. మూడు గంటలు ఉన్నారన్నా. మూడు గంటలు. కాణిపాకం చేరేసరికి చీకటి పడింది.

నేను మామూలుగా అయితే బండిలోనే సీటు వెనక్కి వాల్చి పడుకుంటా. ఆ రోజు పిల్లోడు చెయ్యి పట్టుకోని లాక్కుపోయినాడు, "నువ్వు ఇక్కడే కదా పుట్టింది, నువ్వే చూపించాల" అని. సరే అని పోయినా. గేటు దాటినాక రాజమహల్ ఎదురుగా నిలబెట్టి నేను గొంతు సవరించుకోని మొదలుపెట్టినా: ఇది శ్రీకృష్ణదేవరాయలు కట్టించినాడు. వాళ్ల నాయన ఆడ బోర్డు చదవతా ఉన్నాడు. చదివి మెల్లిగా, నన్ను తక్కువ చేయకుండా అన్నాడు, "అన్నా, కోట రాయల కంటే ఐదొందల ఏండ్ల ముందుదంట కదా, యాదవరాయలు కట్టినారంట." నేను తల గోక్కున్నా. నా గొంతు ఆన్నే ఆగిపోయింది.

నిజం ఏందంటే, ఈ ప్రాంతాన్ని ముందు యాదవరాయలు ఏలినారు, ఇమ్మడి నరసింహ యాదవరాయలు క్రీ.శ. 1000 ప్రాంతంలో కోటకి మొదలు పెట్టినాడని చెప్తారు. తర్వాత పద్నాలుగో శతాబ్దంలో విజయనగరం వాళ్ల చేతికి వచ్చింది. రాజమహల్, రాణిమహల్ అనేవి విజయనగరం కాలం కట్టడాలు. మనం కృష్ణదేవరాయల పేరు ఎందుకు చెప్తామంటే ఆ పేరు చెప్తే పార్టీ మారు మాట్లాడదు, అంతే. ఏ పాత రాయి చూపించినా రాయలు కట్టించినాడు అనేస్తాం. ఆయన బతికినంత కాలం పలుగు పట్టుకోనే ఉన్నాడా ఏందబ్బా.

రాజమహల్ మీరెప్పుడైనా సరిగ్గా చూసినారా? నేను ఆ రోజే చూసినా, నలభై నాలుగేళ్లకి. మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం, అంతే, యాడా కొయ్య అనేది వాడలా. మన ఇంట్లో వాకిలి పెట్టాలంటేనే కొయ్య కావాల, వాళ్లు మూడంతస్తులు లేపినారు కొయ్య లేకుండా. కింద చూస్తే కమాన్లు, మసీదుల్లో, నవాబుల భవనాల్లో ఉండేట్లు. తల పైకెత్తి చూస్తే గుడి గోపురాల మాదిరి మెట్లు మెట్లుగా లేచే శిఖరాలు. ఒకే భవనంలో రెండు. హంపిలో లోటస్ మహల్ చూసినోళ్లకి ఈ కలయిక తెలుస్తాది. పిల్లోడు కమాను కింద నిలబడి గోడకి చెయ్యి ఆనించి "చల్లగా ఉంది" అన్నాడు. బయట ఎండ మాడిపోతా ఉంది, డిసెంబర్ అయినా మన ఎండ మన ఎండే కదా. నేనూ చెయ్యి పెట్టి చూసినా. నిజమే, మట్టి కుండలో నీళ్ల మాదిరి చల్లగా ఉండాది.

ఆ చెయ్యి పెట్టిన చోటే, ఒక గుండె బొమ్మ, దాంట్లో బాణం, రెండు పేర్లు, మేకుతో గీకినారు. మన తెలుగోళ్ల పేర్లే. పిల్లోడు చదవమన్నాడు. నేను చదవలా, ఏదో పాత శాసనం అని చెప్పినా, ఇంకేం చెప్పాల.

ఇంగ రాణిమహల్. రెండంతస్తులు. పేరుకి రాణిమహల్ కానీ కింద అంతస్తు చూస్తే గుర్రాల లాయం మాదిరే ఉంటాది, సేనాధిపతి ఉండేచోటని కూడా అంటారు. నేను ఇన్నేళ్లు ఎవరైనా అడిగితే రాణులు స్నానాలు చేసేచోటు అని చెప్పినా, ఎవరు నాకు చెప్పినారో, యాడ విన్నానో దేవుడికే తెలియాల.

స్నానం అంటే గుర్తొచ్చింది. పిల్లోడు అడిగిన ప్రశ్న వింటే మీరు నవ్వి నవ్వి చస్తారు. "అంకుల్, రాజుకి బాత్రూం ఎక్కడ?" నాకు మాట రాలా. వాడు సీరియస్. కాన్వీలో ఊరి చుట్టూ ఉండే ప్రహరీ గోడకి పన్నెండు మరుగుదొడ్లు వరసగా ఉండాయంట, ఏడొందల ఏళ్ల నాటివి, గోడ బయటికి రాళ్లు పొడుచుకోని ఉంటాయంట, కిందికి పోయేదానికి. వాడికి కోటంటే అదే ముఖ్యం. వాళ్ల నాయన చెప్పినాడు, ఆ కోటని ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ 1283లో మొదలుపెట్టి నాలుగేళ్లలో ముగించినాడంట, ఎనిమిది బురుజులు, ఊరి గోడకి ఇరవై ఒక్క బురుజులు, గోడ మీద ఇప్పటికీ జనం నడుస్తారంట. వేల్స్ వాళ్లని అణిచిపెట్టడానికి కట్టిన కోట అది. కానీ 1294 చలికాలంలో ఆ రాజే ఆ కోటలో ఇరుక్కుపోయినాడు, బయట వేల్స్ వాళ్లు తిరగబడినారు, లోపల తిండి అయిపోయింది, ఒక పీపా వైన్ మాత్రం మిగిలిందంట. పిల్లోడికి ఈ కథ అంటే ప్రాణం. "కింగ్ హంగ్రీ" అని పొట్ట పట్టుకోని చూపిస్తాడు.

నాకు అప్పుడు గంటల కథ గుర్తొచ్చింది, ఈ కథ మనోళ్లందరికీ తెలుసు. తిరుమలలో స్వామికి నైవేద్యం అయినాక గంట మోగితే, ఆ గంట విని ఇంకోచోట గంట, అది విని ఇంకోటి, అట్లా కొండ మీద నుంచి చంద్రగిరి దాకా వరసగా మోగేవంట, ఆ గంట చెవిన పడినాకనే రాజు అన్నం తినేవాడంట. నేను చెప్పినా. పిల్లోడు కాసేపు ఆలోచించి "అంటే ఈ రాజు కూడా హంగ్రీనా?" అన్నాడు. అవును నాన్నా, ఆ రాజు తిండి లేక, మన రాజు తిండి ముందర పెట్టుకోని. వాళ్లమ్మ నవ్వి నవ్వి మెట్ల మీద కూలబడింది.

అప్పుడు వాళ్ల నాయన ఒక మాట చెప్పినాడు, అది నేను మర్చిపోలా. వేల్స్ కోటల్లో మెట్లు గుండ్రంగా మెలి తిరిగి ఉంటాయంట, గైడ్‌లు ఏం చెప్తారంటే పైనుంచి దిగే సైనికుడికి కుడిచేత్తో కత్తి తిప్పడానికి వీలుగా ఆ వైపుకే మెలి పెట్టినారు అని. చరిత్ర చదివినోళ్లు ఆ మాట ఒప్పుకోరంట. అయినా గైడ్‌లు చెప్తానే ఉంటారు, జనం వింటానే ఉంటారు. నాకు చానా ధైర్యం వచ్చిందన్నా. కథలు అన్ని దేశాల్లోనూ ఉంటాయి. కథని కథ అని చెప్పి చెప్తే తప్పేం లేదు, గంటల కథ నేను ఇప్పటికీ చెప్తా, "మా తాతల కాడ నుంచి ఇట్లా చెప్తారు సార్" అని మొదలుపెడతా. బోర్డు మీద ఉండేది మాత్రం బోర్డు ప్రకారం చెప్తా.

ఇప్పుడు మీరడుగుతారు, పార్టీకి ఏం చెప్పాల, ఆడ ఏముంది అని. నేను ఆ తర్వాత నాలుగైదుసార్లు పోయి, మ్యూజియంలో బోర్డులన్నీ ఓపిగ్గా చదివి, మా ఊరి రిటైర్డ్ సోషల్ సార్‌ని పట్టుకోని విసిగించి కొంత నేర్చుకున్నా. ఆయన నన్ను చూస్తే ఇప్పుడు తలుపేసుకుంటా ఉండాడు. మన పార్టీలకి పట్టే మాటలు కొన్ని చెప్తా.

కొండ మీదికి పోయి దర్శనం చేసుకోని వచ్చిన పార్టీ మన బండిలో కూర్చుంటాది కదా. తిరుమల గుళ్లో లోపలికి పోయేటప్పుడు కృష్ణదేవరాయలు, పక్కన తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాలు చేతులు జోడించుకోని నిలబడి ఉంటాయి. ఆన్నే అచ్యుతరాయలు, ఆయన భార్య వరదాజి, ఇంకా వెంకటపతిరాయలు కూడా ఉంటారు. తోపులాటలో ఎవరూ చూడరు, అందరి చూపూ ముందున్న వాడి వీపు మీదే ఉంటాది. మీరు మంగాపురం దాటినాక అడగండి, "గుళ్లో చేతులు జోడించుకోని ఉండే రాజుల్ని చూసినారా సార్? వాళ్లలో ఇద్దరి కథ ఈ కోటతోనే ముడిపడి ఉండాది, రండి చూపిస్తా" అని. అప్పుడు ఎవరు దిగరో చూస్తా.

అచ్యుతరాయల్ని ఆయన అన్న కృష్ణదేవరాయలే ఈ చంద్రగిరి కోటలో పెట్టి ఉంచినాడని ఆ కాలంలో విజయనగరంలో ఉండిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాసినాడు. రాజ్యానికి అడ్డొస్తాడని. అన్న పోయినాక 1529లో ఈ కోటలో నుంచే పోయి రాజైనాడు. రాజుల ఇంట పుట్టినోళ్లు బంగారు పళ్లెంలో తింటారు అనుకుంటాం మనం, వీళ్ల ఇళ్లల్లో అన్నాదమ్ముల గొడవలు చూస్తే మన ఇళ్లే నయం అనిపిస్తాది. అంతకంటే ముందు సాళువ నరసింహుడు ఈ చంద్రగిరిలోనే సామంతుడిగా ఉండి, 1485లో విజయనగరం సింహాసనం ఎక్కినాడు. తిరుమల యాత్రికులకి అన్నం పెట్టే రామానుజకూటం పెట్టించింది ఈయనే. కొండ మీద అన్నదానంలో తిని వచ్చిన పార్టీకి ఇది చెప్పి చూడండి.

వెంకటపతిరాయలది ఇంకో కథ. 1565లో తళ్లికోట యుద్ధంలో విజయనగరం దెబ్బతిన్నాక రాజధాని పెనుకొండకి పోయింది, 1592 ప్రాంతంలో ఈయన కాలంలో మన చంద్రగిరికి వచ్చింది. అంటే కొన్నాళ్లు మన ఊరే రాజధాని! పెనుకొండ కాదు, హంపి కాదు, మనం టీ తాగడానికి కూడా ఆపని చంద్రగిరి. పోర్చుగీసు జెసూట్ పాదిరీలు ఆయన్ని కలిసేదానికి ఇక్కడికే వచ్చినారు. తర్వాత వేలూరుకి మారింది.

తమిళనాడు పార్టీ ఎక్కితే వేరే కథ చెప్పాల. 1639 ఆగస్టు 22న ఫ్రాన్సిస్ డే అనే ఇంగ్లీషోడికి సముద్రం ఒడ్డున నేల ఇస్తా కాగితం రాసింది దామెర్ల వెంకటాద్రి నాయకుడు. ఆ నాయకుడి పైన ఉన్న రాజు ఎవరు? చంద్రగిరి రాజు. ఆ దామెర్ల వాళ్ల నాయన చెన్నప్ప పేరు మీదనే చెన్నపట్నం అనే పేరు వచ్చిందంటారు. ఆ నేల మీదే ఇంగ్లీషోళ్లు సెయింట్ జార్జ్ కోట కట్టినారు. చెన్నై పార్టీకి నేను ఇది చెప్తే పెద్దాయన ఒకాయన "అప్ప‌డియా!" అని సీట్లో ముందుకు జరిగినాడు, దిగేటప్పుడు రెండొందలు చేతిలో పెట్టినాడు, ఆ నోటు మాట మాత్రం మీకు బాగా ఎక్కుతాదని తెలుసు అందుకే చెప్తా ఉండా.

తర్వాతది గబగబా: 1646లో గోల్కొండ వాళ్లు పట్టుకున్నారు, వందేళ్లకి ఆర్కాటు నవాబుల చేతికి పోయింది, 1758లో ఈ కోటలో కూర్చున్న నవాబు తమ్ముడు అబ్దుల్ వహాబ్ ఖాన్ తిరుపతికి నేనే రక్షకుణ్ణి అన్నాడు, 1782లో హైదర్ అలీకి లొంగిపోయింది, 1792 శ్రీరంగపట్నం సంధి దాకా మైసూరు కింద ఉంది. ఇదంతా పార్టీకి చెప్పబాకండి, నిద్రపోతారు. అడిగితేనే చెప్పండి.

ఇంకోటి, ఎవరూ చెప్పనిది. మనం శ్రీవారి మెట్టు కాడ దించుతాం కదా, 2388 మెట్లు, అలిపిరి కంటే తక్కువ అని. చంద్రగిరి రాజులు కొండకి పోయిన దారి ఇదే అని పెద్దోళ్లు చెప్తారు. మ్యాప్ చూడండి, చంద్రగిరి, మంగాపురం, మెట్టు ఒక వరసలోనే ఉండాయి. పార్టీ మెట్లు ఎక్కి దిగి వచ్చినాక కోటకి తీసుకుపోతే కథ దానంతట అదే కలుస్తాది, మన నోటికి పెద్ద పని ఉండదు.

ఇప్పుడు డబ్బు విషయం. ఇది మాట్లాడకుంటే మిగతాదంతా ఉత్తదే. మీరంటారు, కోటకి రెండు గంటలు పోతే నా రెండో ట్రిప్పు ఎట్ల అని. సరే, ఒక మాట అడుగుతా, మంట పుట్టినా వినండి. పార్టీని చీరల షాపు కాడ, పూసల షాపు కాడ, హోటల్ కాడ ఎంతసేపు నిలబెడతాం? నలభై ఐదు నిమిషాలు. ఎందుకు? కమీషన్. పార్టీ ఏమీ కొనకుండా వచ్చేస్తే మన మొహం ఎట్లుంటాదో అద్దంలో చూసుకున్నారా ఎప్పుడైనా? నేనూ తీసుకున్నా కమీషన్, నేనేమీ సత్యహరిశ్చంద్రుణ్ణి కాదు. అయితే కోటకి రెండు గంటలు అని పార్టీకి ముందే చెప్పి, వెయిటింగ్ ఇంత అని ముందే మాట్లాడుకుంటే ఎవరూ కాదనరు. నేను మొన్న సంక్రాంతి నుంచి అట్లానే మాట్లాడతా ఉండా. పది పార్టీల్లో నాలుగు ఒప్పుకుంటాయి, ఆరు ఒప్పుకోవు, ఒప్పుకున్న నాలుగు పార్టీలూ దిగేటప్పుడు నా నంబర్ అడుగుతారు. కాణిపాకం చూపించినందుకు ఎవరూ నా నంబర్ అడగలా ఇన్నేళ్లలో, కాణిపాకం వినాయకుడికి కోపం రాకూడదు గానీ.

పిల్లోళ్లు ఉండే పార్టీ అయితే అసలు వదలొద్దు. గుళ్లల్లో క్యూలో నిలబడి నిలబడి పిల్లోళ్లు ఏడ్చి ఏడ్చి ఉంటారు, వాళ్లకి పరిగెత్తేదానికి చోటు కావాల. కోటలో ఉంది చోటు. కింది కోట గోడ చూపించండి, ఏనుగంత రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చినారు, వాటి మధ్య సందు వెతకమనండి, అరగంట కదలరు. గోడ చుట్టూ కందకం ఉంది, నీళ్లు నింపి శత్రువు రాకుండా చేసేది అని చెప్పండి. మొసళ్లు వదిలినారని చెప్పబాకండి, అది వేలూరు కోట కథ, మనది కాదు. తల ఎత్తితే కనపడే బండ కొండ, దాదాపు 600 అడుగులు, పైన ఎగువ కోట. మ్యూజియంలో కంచు విగ్రహాలు, రాతి విగ్రహాలు, కత్తులు ఉండాయి. కత్తుల గదిలో నుంచి పిల్లోడిని బయటికి లాక్కురావడం మాత్రం మీ వల్ల కాదు, నా వల్లా కాలా.

టైమ్ మాట. పొద్దున్నే పోండి, లేదంటే మూడున్నర తర్వాత. మధ్యాహ్నం పోతే ఆ బండ పెనం మాదిరి కాలతా ఉంటాది, పెద్దోళ్లు కళ్లు తిరిగి పడిపోతే మనమే చూసుకోవాల. సాయంత్రం ఐదింటికంతా మూసేస్తారు కాబట్టి నాలుగున్నరకి పోయి గేటు కాడ వాచ్‌మన్‌తో గొడవ పెట్టుకోబాకండి. శుక్రవారం మ్యూజియం సెలవు. ఇది రాసి డాష్‌బోర్డు మీద అతికించుకోండి, నేను ఒకసారి శుక్రవారం తీసుకుపోయి పార్టీతో తిట్లు తిన్నా, మూసిన గేటు ముందర నిలబడి "సార్ బయట నుంచి కూడా బాగుంటాది సార్" అని చెప్పినా, నాకే నవ్వొచ్చింది.

గోడల మీద గీకేవాళ్లని చూస్తే మాత్రం ఊరికే ఉండబాకండి. కొట్లాటకి పోబాకండి, ఒక మాట చెప్పండి చాలు: ఇది కేంద్ర పురావస్తు శాఖ కాపాడే కట్టడం, 2010లో చట్టం మార్చినాక దీన్ని పాడు చేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. లక్ష అనే మాట వినగానే మేకు జేబులోకి పోతాది, నేను చూసినా. మన పార్టీ అయితే ఇంకా సులువు, "సార్ కెమెరాలు ఉండాయి సార్" అంటే సరిపోతాది. చిప్స్ ప్యాకెట్లు, నీళ్ల బాటిళ్లు బండిలోనే పడేయమనండి, సాయంత్రం మనం ఎట్లాగూ తుడుస్తాం బండి.

లాడ్జి కౌంటర్ తమ్ముళ్లకి ఒకే ఒక మాట. మీ కౌంటర్ మీద లామినేషన్ చేసిన చార్ట్ ఉంటాది కదా, ఎనిమిది గుళ్లు తొమ్మిది గుళ్లు ఫోటోలతో. దాంట్లో కింద మూల ఇంకో ఫోటోకి చోటు ఉంటాది, నేను చూసినా, ఇప్పుడు ఆడ మీ ఓనర్ చుట్టం ఐస్‌క్రీమ్ షాపు బొమ్మ ఉండాది. రాజమహల్ బొమ్మ పెట్టండి.

ఇంక మన అన్నలకి. వచ్చే నెల మొదటి మంగళవారం, పొద్దున ఏడున్నరకి నేను కోట గేటు బయట బండి పెట్టుకోని ఉంటా. తెల్ల ఎర్టిగా, వెనక అద్దం మీద వినాయకుడు, కుడి బంపర్ సొట్ట. డ్యూటీ లేని వాళ్లు రండి. టీ నాది. తెరిచినాక లోపలికి పోదాం, టికెట్ మాత్రం ఎవరిది వాళ్లే. రెండు గంటల్లో మొత్తం తిరిగి నాకు తెలిసింది చెప్తా, మీకు తెలిసింది మీరు చెప్పండి, తప్పుంటే సోషల్ సార్‌ని తీసుకొస్తా, ఆయన తలుపు తీస్తే. ఆ పిల్లోడు మాంచెస్టర్ నుంచి వాళ్ల నాయన ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడతా ఉంటాడు, వాళ్లు పోయిన కోటల ఫోటోలు పంపిస్తాడు. మొన్న పెట్టిన మెసేజ్‌లో "అంకుల్, నువ్వు మళ్లీ కోటకి పోయినావా, ఎన్నిసార్లు పోయినావు" అని అడిగినాడు. తొమ్మిదిసార్లు అని చెప్పినా. మంగళవారంతో పది.